తుప్పు తిన్న కారు అడుగు రేకుకు ఇంట్లోనే అతుకు వేయవచ్చా?

ప్రశ్న: మా కారు పాతికేళ్ల నాటిది. ఇంజను ఇంకా బాగా పనిచేస్తోంది కాబట్టి వదులుకోవడం ఇష్టం లేదు. లోపలి తివాచీ ఎత్తి చూస్తే డ్రైవరు పాదాల కింద అరచేయంత చిల్లు కనబడింది. పక్క సీటు బోల్టుల దగ్గర కూడా తుప్పు పొరలు పొరలుగా లేస్తోంది. నా దగ్గర ఇంటి కరెంటుతో నడిచే చిన్న మిగ్ వెల్డింగ్ మెషీను (తీగను తానే అందిస్తూ కరిగించేది), గ్యాసు సిలిండరు ఉన్నాయి. చిల్లు మీద కాస్త పెద్ద రేకు పరచి, చుట్టూ వెల్డింగ్ చేసి, కింద తారు పూస్తే సరిపోతుందని మా బావగారు అంటున్నారు. కారు నుంచే ఊడిన ఒక పాత రేకు ముక్క మీద ప్రయత్నించి చూస్తే అతుకు పడకపోగా చిల్లు పెద్దదయింది. బావగారు చెప్పిన పద్ధతి సరైనదేనా? రేకు కరిగిపోకుండా వెల్డింగ్ చేయడం ఎలా? కింద పెట్రోలు గొట్టం పోతోంది, దాని సంగతి ఏం చేయాలి?

సమాధానం: బావగారి పద్ధతి త్వరగా పూర్తవుతుంది, కొంతకాలం చూడటానికి బాగానే ఉంటుంది, కానీ అది మరమ్మతు కాదు. తుప్పు పట్టిన రేకు మీద కొత్త రేకు పరిస్తే రెండింటి నడుమ సన్నని సందు మిగులుతుంది. ఆ సందులోకి చేరిన తడి ఆరదు, అక్కడ మిగిలి ఉన్న తుప్పు పనిచేయడం మానదు. పైగా మీరు అంచు చుట్టూ వేసే వెల్డు పడేది గట్టి ఇనుము మీద కాదు, పైకి బాగున్నట్టు కనిపించినా అడుగున సగం తినేసిన రేకు మీద. దాని మీద తారు పూస్తే లోపలి తడికి మూత వేసినట్టవుతుంది. అందుకే ఇలాంటి అతుకులు ఊడేటప్పుడు వెల్డు తెగదు, వెల్డు పక్కనున్న పాత రేకు చిరిగి, అతుకు చెక్కుచెదరకుండా కిందికి వేలాడుతుంది. అతుకు బలం దాన్ని పట్టుకున్న పాత రేకు బలాన్ని మించదు కాబట్టి, ఈ పనిలో మొదటి నిర్ణయం వెల్డింగుకు సంబంధించినది కాదు, ఎంత కోయాలన్నదానికి సంబంధించినది. నా సలహా, మీ మనసు ఒప్పుకున్నదాని కంటే ఎక్కువే కోయండి.

మీ రెండో ప్రశ్నకు సగం జవాబు కూడా ఇందులోనే ఉంది. కారు నుంచి ఊడిన ముక్క మీద సాధన చేశానన్నారు. కొత్తప్పుడు సుమారు 0.8 లేదా 0.9 మిల్లీమీటర్లు ఉన్న రేకు తుప్పు తిన్న తరువాత కొన్నిచోట్ల సగం మందమే మిగులుతుంది. అంత పలుచని ఇనుము మీద, అందులోనూ తుప్పు పొక్కుల మీద, అనుభవం ఉన్న చేయి కూడా వెల్డు నిలపలేదు. కాబట్టి చిల్లు పెద్దదైనందుకు మీ చేతిని పూర్తిగా తప్పుపట్టనవసరం లేదు.

ముందుగా చెడిన మేర ఎంతో తేల్చుకోవాలి. తివాచీ, దాని కిందనున్న దూది లేదా స్పాంజి పొర, సీట్లు అన్నీ తీసేయండి. అడుగు రేకుకు అంటించి ఉండే నల్లని తారు పలకలు శబ్దాన్ని తగ్గించడానికి పెట్టినవి. తుప్పు వాటి కిందే దాక్కుంటుంది, వెల్డింగు వేడికి అవి పొగలు కక్కుతూ మండుతాయి కూడా, అందువల్ల పని జరిగే చోటికి జానెడు దూరం దాకా వాటిని గీకి తీసేయాలి. వేడిగాలి యంత్రంతో మెత్తబరచి గీకవచ్చు. పొడి మంచు (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) దొరికితే దానితో గట్టిపరచి సుత్తితో పగలగొట్టవచ్చు, రెండో పద్ధతిలో మురికి తక్కువ. పొడి మంచు వాడితే తలుపులన్నీ తెరిచి ఉంచండి, మూసి ఉన్న కారులో అది ఊపిరాడనివ్వదు.

ఆ తరువాత మొన దేలిన స్క్రూడ్రైవరు, చిన్న సుత్తి తీసుకుని చిల్లు అంచు నుంచి వెలుపలికి పరీక్షిస్తూ వెళ్లండి. గట్టి రేకు మీద సుత్తి పడితే ఖంగుమంటుంది, తినేసిన రేకు మీద పడితే చప్పుడు మొద్దుగా వస్తుంది. ఆ తేడా ఒకసారి చెవికి పట్టిందంటే ఇక కళ్లతో పనిలేదు. స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా పొడవండి. దిగబడితే ఆ చోటు పోయినట్టే. ఈ దశలో తీగ బ్రష్షును నమ్మవద్దు. గ్రైండరుకు బిగించిన తీగ బ్రష్షు తుప్పును తీసేయకుండా మెరుగుపెట్టి గోధుమరంగు అద్దంలా చేస్తుంది, చూసినవాడికి ఇనుము తేలిందన్న భ్రమ కలుగుతుంది. ఇనుము తేలితే రంగు వెండిలా ఉంటుంది, నల్లటి చుక్కలు ఉండవు. నల్లటి చుక్కలున్న చోట ఇంకా గుంటల్లో తుప్పు ఉన్నట్టు లెక్క. ఇలా వెళ్లగా గట్టి ఇనుము మొదలైన చోట మార్కరుతో గీత గీసి, దానికి వెలుపల మరో రెండు సెంటీమీటర్లు వదిలి రెండో గీత గీయండి. కోయవలసింది రెండో గీత మీద. అరచేయంత చిల్లు ఈ లెక్కన చాలాసార్లు భోజనం పళ్లెమంత అవుతుంది. అది చూసి గుండె జారిపోనక్కరలేదు. చిల్లు చుట్టూ గట్టి అంచు ఉన్న పెద్ద అతుకు వేయడం, చివికిన అంచున్న చిన్న అతుకు వేయడం కంటే తేలిక.

రేకు ఏ వైపు నుంచి చెడిందో కూడా ఇప్పుడే గమనించండి. పై ముఖం ఎక్కువగా తిని, కింది ముఖం మీద పాత పూత ఇంకా అంటుకుని ఉంటే నీరు కారు లోపలి నుంచే వచ్చింది. ముందు అద్దం చుట్టూ ఉన్న రబ్బరు, తలుపు రబ్బర్లు, వైపర్ల కింద ఆకులతో మూసుకుపోయిన కాలువ రంధ్రాలు, తలుపు అడుగున పూడుకుపోయిన నీటి బెజ్జాలు, హీటరు రేడియేటరు కారుడు, ఏసీ నీరు బయటికి పోయే గొట్టం మూసుకుపోవడం, వీటిలో ఏదో ఒకటి కారణమై ఉంటుంది. తడి తీపి వాసన వేస్తూ జిడ్డుగా ఉంటే అది ఇంజను కూలెంటు. కింది ముఖం చెడి ఉంటే రోడ్డు బురద కారణం. లోపలి కారుడు ఆపకుండా రేకు మార్చడం వృథా శ్రమ కాబట్టి, వెల్డింగు మెషీను బయటికి తీయకముందే దాన్ని ఆపండి.

ఇక మీరు చేయకూడని భాగం గురించి చెప్పాలి. విడిగా ఛాసిస్ (ఒంటిని మోసే కింది ఇనుప చట్రం) లేని కార్లలో అడుగు రేకు కేవలం కాళ్లు పెట్టుకునే చోటు కాదు, బండి ఒంటిని వంగకుండా పట్టే అంగాల్లో అదీ ఒకటి. పాదాల కింద చదునుగా ఉన్న భాగానికి జాగ్రత్తపరుడు ఇంట్లో అతుకు వేయవచ్చు. సీటు బోల్టులు దిగే చోటు, సీటు బెల్టు కొక్కెం బిగించే చోటు, తలుపుల కింద పొడవునా సాగే సిల్ పెట్టె, అడ్డ దూలాలు, జాకీ పెట్టే చోట్లు, సస్పెన్షన్ బిగించే చోట్లు మాత్రం వేరే లెక్క. ప్రమాదం జరిగినప్పుడు మనిషి బరువంతా కొన్ని రెట్లై ఆ సీటు బోల్టుల మీద పడుతుంది. అక్కడి రేకు సాధారణంగా రెండు మూడు పొరలుగా, మందంగా, కొన్ని కార్లలో అధిక బలం గల ఉక్కుతో చేసి ఉంటుంది. అలాంటి ఉక్కు వెల్డింగు వేడికి దాని బలాన్ని కోల్పోతుంది, ఆ సంగతి పైకి కనబడదు. అందువల్ల పక్క సీటు బోల్టుల దగ్గరి పనిని వృత్తిగా చేసేవారికి అప్పగించండి, అది పూర్తయ్యేదాకా ఆ సీటులో ఎవరినీ కూర్చోబెట్టవద్దు. పాదాల కింది చిల్లు పరీక్షిస్తూ వెళ్లగా తుప్పు సిల్ దాకా పాకిందని తేలినా ఇదే మాట వర్తిస్తుంది. తలుపు ఖాళీలో అడ్డుబద్ద వెల్డు చేసి ఊతం ఇవ్వకుండా సిల్ కోస్తే బండి ఒళ్లు కుంగి, ఆపై తలుపు సరిగ్గా మూసుకోదు.

మీ మూడో ప్రశ్నకు వస్తాను, ఎందుకంటే రేకు కోయకముందే దాని ఏర్పాటు జరగాలి. పెట్రోలు గొట్టం ప్రమాదమే, సందేహం లేదు. గొట్టానికి తడిగుడ్డ చుట్టి పని కానిచ్చేవాళ్లున్నారు. నేను దాన్ని ఒప్పుకోను. పని జరిగే చోటి నుంచి పెట్రోలు గొట్టాన్ని, బ్రేకు గొట్టాన్ని, వైర్ల కట్టను క్లిప్పులు విప్పి పక్కకు తప్పించాలి. తప్పించడానికి వీలుకాకపోతే గొట్టాన్ని ఖాళీ చేసి ఊడదీయాలి. ట్యాంకు దగ్గరలో ఉంటే దాన్ని దింపి పని జరిగే గది వెలుపల, దూరంగా పెట్టాలి. ట్యాంకులో పెట్రోలు లేదు కదా అన్న ధీమా పనికిరాదు, నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదకరం, ఎందుకంటే అంటుకునేది ద్రవం కాదు, ఆవిరి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది కాబట్టి నేలబారుగా పాకి, మీరు ఊహించని మూలలో నిలుస్తుంది. ముక్కుకు పెట్రోలు వాసన తగులుతున్నంతసేపు గ్రైండరు కూడా తిప్పకూడదు.

పెట్రోలు కంటే ఎక్కువసార్లు అంటుకునేవి వేరే ఉన్నాయి. కింద పూసిన పాత తారు పూత, సిల్ లోపల కొట్టిన మైనం, వెల్డు వెనుకవైపు మరచిపోయిన తివాచీ ముక్క, పాత మరమ్మతులో ఎవరో నింపిన ఫోం, వీటిలో నిప్పు పైకి కనబడకుండా లోలోపల రగులుతుంది. మీరు ముసుగు వేసుకుని ఒక వైపు వెల్డు చేస్తుంటే మంట రెండో వైపున ఉంటుంది, అందుకని రెండో మనిషి తప్పనిసరి; అతని పని మీకు సుత్తి అందించడం కాదు, రేకు అవతలి ముఖాన్నే చూస్తూ ఉండటం. బావగారికి ఈ బాధ్యత అప్పగించవచ్చు. మంట ఆర్పే సిలిండరు, బకెట్టు నీళ్లు చేతికందే దూరంలో ఉండాలి. పని ఆపిన తరువాత కనీసం గంటసేపు బండిని వదిలి వెళ్లవద్దు, రాత్రి పడుకోబోయే ముందు వెల్డింగు చేసే అలవాటు అసలు వద్దు.

బ్యాటరీని విప్పి బండి నుంచి తీసేయండి. ఎయిర్ బ్యాగులున్న కారైతే బ్యాటరీ తీసిన తరువాత తయారీదారు చెప్పినంతసేపు ఆగి, ఆ బ్యాగులను నడిపే కంప్యూటరు పెట్టె అడుగు రేకు మధ్య గట్టుమీద ఉందేమో చూసి, ఉంటే దాని కనెక్టరు విప్పాలి. వెల్డింగు మెషీను ఎర్త్ క్లాంపును వెల్డు చేసే చోటికి జానెడు దూరంలోపే, గీకి తెల్లగా చేసిన ఇనుముకు బిగించండి. దూరంగా ఎక్కడో బంపరుకో చక్రానికో తగిలిస్తే కరెంటు తన దారి తాను వెతుక్కుంటుంది, ఆ దారిలో బేరింగులో సున్నితమైన వైర్లో ఉంటే అవి కాలిపోతాయి. బండి కిందికి దూరేటప్పుడు జాకీని మాత్రమే నమ్ముకోవద్దు. గట్టి నేల మీద స్టాండ్లు పెట్టి, బండిని ఊపి చూసి, అప్పుడే కిందికి వెళ్లాలి. ఇటుకలు, రాళ్లు స్టాండ్లు కావు, హఠాత్తుగా పగులుతాయి.

ఒంటి రక్షణ గురించి అందరికీ తెలిసిన మాటలు చెప్పను. నూలు లేదా తోలు బట్టలు, తోలు చేతి తొడుగులు, 10వ నంబరు షేడు ఉన్న ముసుగు, గ్రైండింగుకు కళ్లద్దాలు, ఇవి ఎలాగూ ఉండాలి. బండి కింద వెల్లకిలా పడుకుని పైకి వెల్డు చేయవలసి వస్తే చెవుల్లో ప్లగ్గులు పెట్టుకోవాలన్నది మాత్రం చాలామందికి తట్టదు; కరిగిన ఇనుప రవ్వ చెవిలోకి జారితే కర్ణభేరి కాలుతుంది. వీలైనంతవరకు పైనుంచే వెల్డు చేయండి. ఇంకొకటి ఇంతకంటే ముఖ్యమైనది. రేకు మీది జిడ్డు తుడవడానికి బ్రేకు క్లీనరు స్ప్రే వాడవద్దు. వాటిలో కొన్నింట్లో క్లోరిన్ కలిసిన ద్రావకాలు ఉంటాయి, వెల్డింగు వేడికి, అతినీల కాంతికి అవి ఫాస్జీన్ అనే విషవాయువుగా మారతాయి. కొద్దిపాటి ఫాస్జీన్ కూడా ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, లక్షణాలు కొన్ని గంటలు ఆలస్యంగా కూడా బయటపడవచ్చు. అసిటోన్‌తో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, ఆ గుడ్డను, సీసాను గది బయట పెట్టి రండి.

అతుకు కోసం రేకు కొనేటప్పుడు జింకు పూత లేని మెత్తని ఉక్కు రేకు అడగండి. గాలి గొట్టాలకు, ఇంటి కప్పులకు వాడే, జింకు పూసిన జీఐ రేకు చవకగా దొరుకుతుంది, తుప్పు పట్టదు కదా అని ఆశ కూడా పుడుతుంది. కానీ జింకు 907 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగిపోతుంది, ఉక్కు కరగడానికి దాదాపు 1,500 డిగ్రీలు కావాలి, అంటే ఉక్కు కరిగేలోపే జింకు ఆవిరై వెల్డు నిండా బుడగలు మిగులుస్తుంది, ఆ తెల్లని పొగ పీల్చినవారికి కొన్ని గంటల తరువాత చలిజ్వరం వస్తుంది. పాలు తాగితే ఏమీ కాదన్న మాట వెల్డర్ల మధ్య తిరుగుతుంటుంది, దాన్ని నమ్మవద్దు. తలుపులు తెరిచి, పొగను బయటికి లాగే ఫ్యాను పెట్టి, లోహపు పొగను వడగట్టే ముక్కు తొడుగు వేసుకోవడమే రక్షణ. కారు రేకుకే జింకు పూత ఉంటే వెల్డు పడే అంచును రెండు వైపులా గ్రైండు చేయాలి. మందం విషయంలో 1 మిల్లీమీటరు రేకు మీకు అనుకూలం. మందంగా ఉంటే మంచిదని 2 మిల్లీమీటర్ల పలక తెస్తే, మందపు పలకను కరిగించేంత వేడి పక్కనున్న పలుచని రేకును ముందే కాల్చేస్తుంది.

పాత రేకును కోసేటప్పుడు కటింగ్ వీల్ ఎంత లోతుకు దిగుతోందో చూసుకోండి, దాని కిందే దూలమో గొట్టమో ఉండవచ్చు. కోత మూలలు చదరంగా కాకుండా గుండ్రంగా ఉండాలి; చదరపు మూలలో వేడి పోగవుతుంది, రేపు పగులు మొదలయ్యేదీ అక్కడే. ఇప్పుడు అట్టముక్కను చిల్లు మీద పెట్టి, కిందనుంచి అంచు గీసుకుని, కత్తిరించి, సరిగ్గా కూర్చునేదాకా సవరించండి. అట్ట మీద పోయిన సమయం రేకు మీద మిగులుతుంది. పాత అడుగు రేకులో పొడవాటి గట్లు నొక్కి ఉంటాయి, అవి అలంకారం కాదు, రేకు డప్పులా మోగకుండా, కాలి కింద వంగకుండా ఉండటానికే ఉన్నాయి. చదునైన అతుకు వేస్తే ఆ గుణం పోతుంది. గట్టి చెక్కలో గాడి చెక్కి, రేకును దానిమీద బిగించి, గుండ్రని మొన ఉన్న ఉలితోనో చిన్న గొట్టంతోనో కొట్టి గట్టు తేవచ్చు. అది ఫ్యాక్టరీ గట్టంత నిటారుగా రాకపోయినా ఫరవాలేదు.

అంచుకు అంచు తాకించి వెల్డు చేయాలా, ఒకదాని మీద ఒకటి ఎక్కించాలా అన్నది మీరు అడగలేదు గాని తప్పక ఎదురయ్యే ప్రశ్న. అంచుకు అంచు పద్ధతిలో తడి నిలిచే సందు ఉండదు, కాని రెండు అంచుల నడుమ ఖాళీ చుట్టూరా ఒకేలా, రేకు మందమంత ఉండాలి. మొదటిసారి చేసేవారికి ఇది కష్టం. మీరు ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్లు ఎక్కించి వేయండి. కొత్త రేకు అంచు వెంబడి 6 నుంచి 8 మిల్లీమీటర్ల బెజ్జాలు వేసి, వాటి గుండా కింది రేకును కరిగిస్తూ నింపే ప్లగ్ వెల్డులు పెట్టండి, తరువాత అంచును చిన్న చిన్న ముక్కలుగా మూయండి. ఒకదానిపై ఒకటి పడే ముఖాలకు వెల్డింగును తట్టుకునే జింకు ప్రైమరు ముందే పూసి, సరిగ్గా వెల్డు పడే చోట మాత్రం గీకేయండి. బావగారి పద్ధతికి, దీనికి తేడా ఏమిటని అనిపించవచ్చు. ఇక్కడ రేకు ఎక్కుతున్నది తుప్పు మీద కాదు, నాలుగువైపులా శుభ్రమైన ఇనుము మీద, పూత మీద. సందును చివర్లో రెండు వైపులా మూస్తాం కూడా.

ఇప్పుడు మెషీను. పలుచని రేకుకు 0.6 మిల్లీమీటర్ల తీగ పెట్టండి. మెషీనుతో పాటు సాధారణంగా వచ్చే 0.8 తీగను కరిగించడానికి ఎక్కువ కరెంటు కావాలి, ఆ ఎక్కువే చిల్లు చేస్తుంది. గ్యాసు ఆర్గాన్, కార్బన్ డయాక్సైడ్ కలిసిన మిశ్రమమైతే మంచిది, ఒట్టి కార్బన్ డయాక్సైడుతోనూ పని జరుగుతుంది గాని చిందులు ఎక్కువ, వేడి లోతుగా దిగుతుంది. ప్రవాహం నిమిషానికి 8 నుంచి 12 లీటర్లు చాలు. గాలి వీచే చోట గ్యాసు పెంచడం కంటే గాలిని ఆపడం మేలు. 1 మిల్లీమీటరు రేకుకు సుమారు 40 ఆంపియర్ల దగ్గర మొదలుపెట్టండి. తీగ కొసను టిప్పు (తీగ బయటికి వచ్చే రాగి మొన) బయటికి సెంటీమీటరు దాటనివ్వకండి. ఎక్స్‌టెన్షన్ వైరు వాడితే చుట్టను పూర్తిగా విప్పి పరవండి, చుట్టి ఉన్న వైరు వేడెక్కి కరుగుతుంది.

సాధన కొత్త రేకు ముక్కల మీద చేయండి, అదీ కారులో వాడబోయే రేకు మీదే. నేరుగా వరుస గీయడానికి ప్రయత్నించకండి. పలుచని రేకు మీద వెల్డు గీతగా సాగదు, చుక్కలుగా పడుతుంది. మీట నొక్కి, ఒక్క క్షణం పట్టి, వదలండి. చుక్క ఎరుపు ఆరి నల్లబడేదాకా చూడండి, అప్పుడు దాని అంచును సగం కప్పుతూ రెండో చుక్క వేయండి. చిల్లు పడేది సాధారణంగా మొదటి చుక్కకు కాదు, ఇంకా ఎర్రగా ఉన్న చుక్క పక్కనే ఆత్రంగా వేసిన నాలుగో చుక్కకో ఐదో చుక్కకో. ముసుగులోంచి చూస్తుంటే చిల్లు పడబోయే ముందు కరిగిన మడుగు మధ్యలో ఒక్కసారిగా కిందికి కుంగి, దాని మెరుపు మారుతుంది. ఆ కుంగడం కనబడగానే వేలు తీసేయడం అలవాటైతే సగం విద్య వచ్చినట్టే. ఎక్కించిన అతుకులో వెల్డింగు మెరుపును కింది రేకు వైపు, రెండు పొరలున్న వైపు ఎక్కువగా చూపి, పైరేకు అంచు దానంతట అది కరిగి కలిసేలా చేయండి. అంచు మీదికే గురిపెడితే అది వెనక్కి కాలిపోతుంది.

అయినా చిల్లు పడితే వెనుకవైపు మందపాటి రాగి పలకను ఆనించి పట్టుకోండి. రాగి వేడిని త్వరగా లాగేస్తుంది, ఉక్కు వెల్డు దానికి అంటుకోదు, కాబట్టి దాని ఆధారంతో చిల్లును అంచుల నుంచి మధ్యకు చుక్కలు చుక్కలుగా పూడ్చవచ్చు. చదును చేసిన రాగి గొట్టం కూడా పనికొస్తుంది. ఒకచోట ఎంత పూడ్చినా చిల్లు పెరుగుతూనే ఉంటే మెషీను మీద కోపం తెచ్చుకోవద్దు, అక్కడ రేకు చివికి ఉంది, ఇంకా వెనక్కి కోయవలసిందే.

రేకు వంకరపోవడం రెండో బెడద. వేడెక్కిన చోటు సాగడానికి చోటు లేక ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు మొదటికంటే ఎక్కువ ముడుచుకుంటుంది, ఆ లాగుడుకు అతుకు మధ్య భాగం గిన్నె అడుగులా పైకో కిందికో పొంగుతుంది. దీనికి మందు ఓపికే. ముందు నాలుగు దిక్కులా ఒక్కో టాక్ (రేకును కదలకుండా పట్టే చిన్న వెల్డు చుక్క) వేసి, వాటి మధ్యలో మరొకటి, మళ్లీ వాటి మధ్యలో ఇంకొకటి వేస్తూ, రెండు మూడు సెంటీమీటర్లకో టాక్ పడేదాకా ఎప్పుడూ ఎదురు మూలకు జరుగుతూ ఉండండి. ఆ తరువాతే ఖాళీలు నింపాలి, అదీ ఇక్కడ రెండు చుక్కలు, అవతలి అంచున రెండు చుక్కలు. ప్రతి విడతకు మధ్య అరచేయి ఆనించగలిగేంత చల్లారనివ్వండి. నీళ్లు చల్లి చల్లార్చవద్దు, వెల్డు పెళుసెక్కవచ్చు, వంకర కూడా పెరుగుతుంది. ప్రతి టాక్ తరువాత సుత్తితో అంచును తట్టి, రెండు రేకులు ఆనుకునేలా సర్దండి. ఒక పూటలో ముగించాలన్న పట్టుదల ఉన్నవారి అతుకే ఎక్కువగా వంకరపోతుంది.

సాధన ముక్కల్లో కనీసం ఒకదాన్ని బల్లకు బిగించి ఉలితో విరగగొట్టి చూడండి. వెల్డు చుక్క కింది రేకు నుంచి నాణెంలా శుభ్రంగా ఊడి వస్తే అది పైన అంటుకుందే తప్ప లోపలికి దిగలేదని అర్థం, కరెంటు కాస్త పెంచాలి. వెల్డు అలాగే ఉండి పక్క రేకు చిరిగితే ఆ సెట్టింగుతో కారు మీదికి వెళ్లవచ్చు. వెనుక వైపు నుంచి చూస్తే ప్రతి చుక్క దగ్గర వేడి మచ్చ, సన్నని పొంగు కనబడాలి. అందంగా ఉన్న వెల్డు గట్టిదని అనుకోవద్దు, గ్రైండు చేసి నునుపు చేసినది అసలే కాదు. కింది వైపు ఎవరికీ కనబడదు కాబట్టి అక్కడ గ్రైండింగు మానేస్తే రేకు మందం మిగులుతుంది.

పూతల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, వరుస తప్పకపోతే చాలు. వెల్డు చుట్టూ మసి, చిందులు తీసేసి, అసిటోన్‌తో తుడిచి, ఎపాక్సీ ప్రైమరు రెండు వైపులా పూయాలి. దాని మీద అతుకు అంచులన్నింటికీ, మళ్లీ రెండు వైపులా, సీమ్ సీలరు (అతుకు సందులను మూసే ముద్ద) పట్టించాలి. అది ఆరిన తరువాత కింద రాయి దెబ్బలను తట్టుకునే పూత, సిల్ వంటి మూసిన భాగాల్లోకి పొడవాటి గొట్టంతో మైనం కొట్టాలి. మైనం కొట్టిన తరువాత ఆ పక్కన మళ్లీ వెల్డింగు చేయకూడదు కాబట్టి అది అన్నింటికంటే చివర. తుప్పును మార్చే ద్రావణాలు, ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్నవైనా టానిక్ ఆమ్లం ఉన్నవైనా, కోయనక్కరలేని పైపై తుప్పుకు బాగానే పనిచేస్తాయి. చిల్లు పడిన రేకుకు అవి ప్రాణం పోయవు. బావగారి తారు పూత కూడా ఈ వరుసలో, శుభ్రమైన ప్రైమరు మీద అయితే తప్పు కాదు. అడుగు రేకులో నీరు పోవడానికి ఉంచిన బెజ్జాలు పూతలో పూడుకుపోకుండా చూసి, వాటి రబ్బరు బిరడాలు కొత్తవి పెట్టండి.

తివాచీని మాత్రం వెంటనే పరచవద్దు. సీటు బిగించి, ఒట్టి రేకు మీదే కొన్నాళ్లు తిరగండి. ఈలోగా ఒకసారి మరొకరిని లోపల టార్చితో కూర్చోబెట్టి, బయటినుంచి ముందు అద్దం మీద, తలుపుల మీద గొట్టంతో నిదానంగా నీళ్లు వదిలి చూడండి. కింది నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లండి, అప్పుడే నీరు ఏ ఎత్తులో లోపలికి వస్తోందో తెలుస్తుంది. పెడళ్ల వెనుక, రేకు మీద వేళ్లు పెట్టి తడిమితే మొదటి చుక్క కంటికి కనబడేలోపే చేతికి తెలుస్తుంది. మంచి వాన ఒకటి కురిసి వెలిసిన మర్నాడు కూడా రేకు పొడిగా ఉంటే అప్పుడు తివాచీ పరచండి, పాత స్పాంజి పొరను మాత్రం మళ్లీ వాడకండి.